సమాధానం: యాప్‌లన్నీ క్లోజ్ చేస్తున్నా ఛార్జింగ్ నిలవట్లేదు, మెసేజ్‌లు లేటు

రీసెంట్స్‌లో, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలో, యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు తీసేస్తున్నా ఛార్జింగ్ నిలవడం లేదని, పైగా వాట్సాప్ తెరిస్తేగానీ మెసేజ్‌లు రావడం లేదని రాశారు. రెండింటికీ కారణం ఆ అలవాటే కావచ్చండీ.

ఆ జాబితాలో కనిపించేవన్నీ నడుస్తున్నట్టు కాదు. చాలావరకు ర్యామ్‌లో (ఫోన్ తాత్కాలిక మెమరీలో) ఊరికే ఉంటాయి, ప్రాసెసర్‌ని వాడవు. చోటు చాలకపోతే ఆండ్రాయిడే వాటిని తీసేస్తుంది. మీరు తీసేస్తే మళ్లీ తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి లోడ్ కావాలి, దానికి ఛార్జింగ్ ఇంకా ఎక్కువ పోతుంది. ర్యామ్ ఖాళీగా ఉంటేనే ఫోన్ స్పీడుగా ఉంటుందన్న నమ్మకం మనవాళ్లలో ఎందుకో ఎంతకీ పోదు!

ఇక మెసేజ్‌లు. మామూలుగా అయితే యాప్ తీసేసినా నోటిఫికేషన్లు రావాలి. కానీ కొన్ని కంపెనీల ఫోన్లు, తీసేయగానే ఫోర్స్ స్టాప్ చేసినట్టు యాప్‌ని పూర్తిగా ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, తర్వాత బ్యాటరీలోకి వెళ్లి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. ఆటోస్టార్ట్ (యాప్ దానంతటదే మొదలయ్యే వీలు) అని ఉంటే అదీ ఆన్ చేయండి. అన్ని యాప్‌లకీ ఇలా పెట్టేయకండి మరి. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే బ్యాటరీ పొదుపు ఏర్పాటు వల్ల లాభం లేకుండా పోతుంది.

అప్పటికీ ఛార్జింగ్ దిగిపోతుంటే బ్యాటరీ యూసేజ్‌లో అన్నిటికంటే పైన ఏ యాప్ ఉందో చూసి ఇక్కడ రాయండి.