జవాబు: బీడీలు చుట్టే అమ్మకు రేషన్ షాపులో వేలిముద్ర పడటం లేదు

మిషన్ పాడైందనుకోవడం కంటే, బొటనవేలు, చూపుడువేలి గీతలు అరిగిపోయాయనుకోవడమే సబబు. ఏళ్ల తరబడి ఆకు రుద్దుకునేది ఆ వేళ్లే.

ముందు తెర మీద ఎర్రర్ నంబరు చూడండి.
300 అంటే ముద్ర సరిపోలలేదు.
330 అంటే ఆధార్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప వివరాలు) లాక్ అయి ఉంది. అప్పుడు వేలు ఎంత తుడిచినా లాభం లేదు, లాక్ తీయాల్సిందే.

300 వస్తే:

1. సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. చర్మం పగిలి ఉంటే చుక్క కొబ్బరినూనె రాసి, జిడ్డు మిగలకుండా తుడిచేయాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి, ఏ వేలైనా చెల్లుతుంది. డీలర్ బొటనవేలే అడుగుతాడు (అలవాటు, అంతే). ఉంగరపు వేలు, చిటికెన వేలు పెట్టించండి, రెండో చేతివి కూడా. పని తక్కువ కాబట్టి వాటి గీతలు నిలుస్తాయి.

3. వేలికొన కాదు, మొదటి కణుపు పైన కండ భాగం గాజుకు పూర్తిగా ఆనాలి. గట్టిగా నొక్కితే గీతలు కలిసిపోతాయి.

4. పదీ విఫలమైతే ఐరిస్ (కంటిపాప స్కాన్) అడగండి. తర్వాత ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. వెళ్లే ముందు ఓ వారం బీడీల పని ఆపితే ముద్ర బాగా పడుతుంది.