వాడిపోవడం, ఎండిపోవడం

సందేహం: వేసవిలో గోదావరి కాలువలకు నీళ్లు ఆపేశాక మా ప్రాంతపు కొబ్బరితోటల స్థితిని గురించి రాస్తూ ‘చెట్లు వాడిపోయాయి’ అన్నాను. ‘ఎండిపోయాయి’ అనాలని మిత్రుడు దిద్దాడు. ఏది సరి? – ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: మీరు చూసిన చెట్లు కాలువకు మళ్లీ నీళ్లు వదిలాక తేరుకుని ఉంటే మిత్రుని దిద్దుబాటు సరికాదు. ‘వాడు’ బిగువు తగ్గడాన్ని చెబుతుంది, ‘ఎండు’ తడి పూర్తిగా పోవడాన్ని చెబుతుంది. మిట్టమధ్యాహ్నం పెరట్లో గుమ్మడి పాదును చూడండి. వేళ్ల దగ్గర తడి ఉన్నా ఆకులు ముడిచిన గొడుగుల్లా వేలాడి, పొద్దు వాలేసరికి మళ్లీ విప్పారతాయి. పాదు ఎండిందని అప్పుడెవరూ అనరు. ఎండుమిర్చి, ఎండుచేప వంటి మాటల్లోనేమో ‘వాడు’ ఇమడనే ఇమడదు. తమిళంలో ‘వాడు’, కన్నడంలో ‘బాడు’ ఈ అర్థంలోనే ఉన్నాయి కనుక ఇది మన భాషాకుటుంబంలో పాతుకుపోయిన మాట.

చెట్టులో జరిగేదీ ఈ భేదాన్నే సమర్థిస్తుంది. పత్రరంధ్రాల (ఆకుల మీది సన్నని రంధ్రాల) గుండా నీరు ఆవిరవుతుంటే, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే నీటి అణువులు దారునాళాల్లో (నీటిని మోసే సన్నని గొట్టాల్లో) వేరు నుంచి ఆకు దాకా తెగకుండా పైకి లాగబడతాయని 1894లో ఐర్లండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ వివరించారు. నేలలో తడి తగ్గినప్పుడు చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది. అప్పటికీ చాలకపోతే కణాల్లో బిగువు తగ్గి ఆకు వాడుతుంది. లాగుడు మరీ ఎక్కువైతే నాళాల్లో గాలిబుడగలు ఏర్పడి నీటిధార తెగుతుంది, అలా చాలా నాళాలు పనికిరాకుండా పోయిన కొమ్మ ఎండుతుంది.

కొబ్బరి విషయంలో ఇంకొంత జాగ్రత్తగా రాయాలి. మామిడిలా అది కొత్త దారువును పొరలుగా పెంచుకోలేదు, కాండంలో ఒకసారి ఏర్పడిన నాళాలే బతికినన్నాళ్లూ పనిచేయాలి. దాని ఆకులు పీచుగట్టివి కావడంతో గుమ్మడి ఆకులా మెత్తబడవు. నీటి ఎద్దడికి కింది వరస మట్టలు కాండం మీదికి వాలతాయి, పిందెలు రాలతాయి. అందుచేత ‘వాడిపోయాయి’ తప్పు కాకపోయినా, ‘మట్టలు వాలిపోయాయి’ అంటే కళ్లకు కట్టినట్లుంటుందని నా అభిప్రాయం. మొవ్వు (తలలోని ఎదిగే మొగ్గ) చచ్చిన చెట్టును మాత్రం ‘ఎండిపోయింది’ అనే రాయండి, ఎందుకంటే కొబ్బరికి ఎదుగుదల మొవ్వు ఒక్కటే, అది పోతే పక్కనుంచి చిగురు రాదు. ముదిరి రాలిన మట్టను ‘ఎండుమట్ట’ అనడంలో చిక్కు లేదు; అక్కడ ఎండింది మట్టే కానీ చెట్టు కాదు.