‘అనూహ్య’ విజయం ఎవరి ఊహకు అందలేదు?

సందేహం: న్యూయార్క్ మేయర్ ఎన్నికల్లో జోహ్రాన్ మమ్దానీ గెలుపు గురించి ‘అనూహ్య విజయం’, ‘అనుకోని విజయం’, ‘ఊహించని గెలుపు’ అని రకరకాలుగా చదివాను. ఒకచోట ‘అనుహ్య’ అని కూడా కనిపించింది. వీటిలో ఏది సరైనది? పోటీలో వెనకబడినవారిని ఇంగ్లీషులో ‘అండర్‌డాగ్’ అంటారు కదా, దానికి తెలుగు మాట ఏమిటి?

సమాధానం: ‘అనుహ్య’ తప్పు. లేదు, కాదు అనే అర్థమిచ్చే ‘అ’ అచ్చుకు ముందు ‘అన్’ అవుతుంది. అన్ + ఊహ్య = అనూహ్య. ‘ఊహ’లోని దీర్ఘాన్ని పోనివ్వకూడదు.

అర్థం దగ్గరే అసలు విషయముంది. ఊహ్యం అంటే ఊహించదగినది కాబట్టి, అనూహ్యం అంటే ఊహకు అందనిది. ఊహించ వీలున్నా ఎవరూ ఊహించనిది అనడానికి సంస్కృతంలో ‘అనూహితం’ అనే రూపం వేరే ఉంది. అజేయుడు, అజితుడు అనే మాటల్లోనూ ఇదే తేడా. జయించ వీలుకానివాడు అజేయుడు. ఇంతవరకు ఎవరూ జయించనివాడు అజితుడు. అందుకే ‘అజేయుడు ఓడిపోయాడు’ అని ఎవరైనా రాస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ‘ఓటమి ఎరుగని నాయకుడు ఓడిపోయాడు’ అంటే ఏ చిక్కూ ఉండదు.

అయితే అనూహితం తెలుగులో నిలదొక్కుకోలేదు. ఆ బరువు కూడా అనూహ్యమే మోస్తోంది. దాన్ని కాదనే హక్కు నాకు లేదు. ‘చూడబడనిది’ అనే అర్థంలో పుట్టిన అదృష్టం ఈనాడు ఏ అర్థంలో ఉందో మీకు తెలుసు కదా!

కానీ వాడుక ఒప్పుకుంటే సరిపోదు, జరిగిన సంగతి కూడా ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ఒక సర్వే మమ్దానీకి ఇచ్చింది 1 శాతం. ఎదుట ఉన్నది మూడుసార్లు న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా ఎన్నికైన ఆండ్రూ క్యూమో. ఆ స్థితి నుంచి జూన్ 24న జరిగిన డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే తొలి పోరులో, చివరి విడత లెక్కింపులో 56 శాతం ఓట్లతో మమ్దానీ నెగ్గారు. దాన్ని అనూహ్య విజయం అనండి, తప్పులేదు. నవంబరు 4న అదే క్యూమో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడినప్పుడు మాత్రం సర్వేలు నెలల తరబడి మమ్దానీనే ముందు చూపాయి. ఆయనకు సగానికి పైగా ఓట్లు వచ్చాయి. అందరూ అనుకున్నదే జరిగితే అది అనూహ్యం ఎలా అవుతుంది? ‘మేయర్ పీఠం మమ్దానీదే’ అంటే చాలు.

‘అనుకోని విజయం’తో నాకున్న పేచీ వేరు. ‘అనుకోని’ అన్నది వ్యతిరేక క్రియాజన్య విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టి, ఆ పని జరగలేదని చెప్పే విశేషణం. అనుకోనిది ఎవరో ఇందులో చెప్పడం లేదు. అనుకోని అతిథి, అనుకోని ఖర్చు అన్నప్పుడు మనమే అనుకోలేదని అర్థం. ఆ అలవాటుతో చదివితే, గెలిచినవాడే గెలుపును అనుకోలేదన్న ధ్వని వస్తుంది. మమ్దానీ 2024 అక్టోబరులోనే బరిలోకి దిగారు. అద్దెలు పెరగనివ్వను, బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తాను అంటూ వేలాది కార్యకర్తలతో ఇంటింటి తలుపు తట్టించారు. అంత పాటుపడినవారి గెలుపును దారిలో దొరికిన వస్తువులా చూపించడం అన్యాయం. ‘ఊహించని గెలుపు’కూ ఈ దోషం ఉంది. ముందు ‘ఎవరూ’ చేర్చండి, కర్త దొరుకుతాడు. ‘సర్వేలు ఊహించని గెలుపు’ అంటే మరీ నిక్కచ్చిగా ఉంటుంది.

ఇక మీ చివరి ప్రశ్న. గెలుస్తాడనుకున్నవాడిని ‘గెలుపు గుర్రం’ అని మన రాజకీయ భాష ఏనాడో పిలుచుకుంది. రెండోవాడికి మాత్రం అంతగా స్థిరపడిన పేరు లేదు. ఆటల పేజీల్లో ‘పసికూన’ కనిపిస్తుంది కానీ, అది అనుభవం లేని జట్టుకు నప్పే మాట. 2020 నుంచి మూడుసార్లు రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికైనవారికి అది నప్పదు. అనామకుడు అన్నా అంతే. ‘బలహీన అభ్యర్థి’ అన్నది అన్నిటికంటే పెద్ద పొరపాటు: ఇక్కడ బలహీనత మనిషిలో లేదు, ఇతరులు వేసిన లెక్కలో ఉంది. ఆ లెక్కనే పట్టుకుని ‘ఎవరి లెక్కలోనూ లేని అభ్యర్థి’ అంటాను నేను. శీర్షికకు పొడవైతే ‘లెక్కలో లేనివాడు’ అనవచ్చు.