77 గిగాహెర్ట్జ్ రాడార్ బోర్డుకి మామూలు ఎఫ్ఆర్-4 సరిపోదా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే ఆకుపచ్చ ఎఫ్ఆర్-4 షీటుతో (గాజు నారని ఎపాక్సీ జిగురుతో కలిపి చేసే మామూలు సర్క్యూట్ బోర్డు పలక) కారు రాడార్ యాంటెన్నా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, సిగ్నల్ మాత్రం దారిలోనే ఆవిరైపోతుంది.

ఎపాక్సీ అణువుల్లో ఒక కొస కాస్త ప్లస్, ఇంకో కొస మైనస్. సిగ్నల్ తాలూకు విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా అవీ తిరగబోతాయి; ఆ పెనుగులాటలో శక్తి వేడిగా పోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. అందుకే ఇలాంటి బోర్డులకి పీటీఎఫ్ఈ (మన దోసె పెనం మీది టెఫ్లానే) వాడతారు. అందులో కార్బన్ చుట్టూ ఫ్లోరిన్లు సమంగా అమరి ఉంటాయి, అంతగా కదలవు. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం (క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 2.1, ఎఫ్ఆర్-4ది సుమారు 4.4. లాస్ టాంజెంట్ (శక్తి ఎంత వేడిగా పోతుందో చెప్పే అంకె) 0.02 నుంచి 0.0005 లోపుకి దిగుతుంది. పైగా తేమ పీల్చదు. ఈ ఫ్రీక్వెన్సీలో నీరు సిగ్నల్‌ని బాగా మింగేస్తుంది మరి!

పెద్ద తలనొప్పి ఒకటుంది: దోసె అంటనట్టే రాగీ అంటదు. బోర్డు రంధ్రాల్లో ప్లేటింగ్‌కి (రాగి పూతకి) ముందు ప్లాస్మాతోనో సోడియం ద్రావణంతోనో ఉపరితలాన్ని సిద్ధం చేయాలి. ఖర్చు అక్కడా పెరుగుతుంది.