“కమ్ హియర్ వన్స్”లో తప్పేముంది?

ప్రశ్న: మాది మదనపల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. డి.ఎడ్. చేశాను. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, ఈ జూన్‌లో కృష్ణరాజపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి లెక్కల టీచరుగా చేరాను. లెక్కలు చెప్పడానికి భయం లేదు, మధ్యలో పిల్లలతో మాట్లాడాల్సిన ఇంగ్లీషే టెన్షన్. మొన్న కోఆర్డినేటర్ వెనక బెంచీలో కూర్చుని విని, నేనన్న మూడు మాటలు కాగితం మీద రాసిచ్చారు: “కమ్ హియర్ వన్స్”, “డూ వన్ థింగ్”, “నౌ ఓన్లీ ఐ టోల్డ్”. తప్పన్నారు గానీ ఏమనాలో చెప్పలేదు. క్లాసులో తెలుగు, కన్నడ, తమిళ, హిందీ పిల్లలంతా ఉన్నారు. 12 వేలు కట్టి స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరమంటారా?
– ఒక టీచరు, కృష్ణరాజపురం

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. లెక్కల పీరియడ్‌లో మీరు అనాల్సిన మాటలు మహా అయితే ఓ యాభై ఉంటాయి, ఇవాళ అన్నవే రేపూ అంటారు, కాబట్టి వాటిని ముందు నోటికి పట్టించుకోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన బెంగళూరు జ్ఞానభారతిలో ఉన్న దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ 1963లో మొదలైంది, అక్కడికి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ప్రభుత్వ టీచర్లే వచ్చి కూర్చుని ఇంగ్లీషు బోధన నేర్చుకుంటారు.

ఇక ఆ మూడు మాటలు. “ఇటు రా” అంటే మనకు కరుకుగా ఉంటుంది, “ఒకసారి ఇటు రామ్మా” అంటే మెత్తగా ఉంటుంది. ఆ ‘ఒకసారి’లో ఉన్నది లెక్క కాదు, మర్యాద. కన్నడంలో కూడా “ఒంద్ సల బన్ని” అంటారు కాబట్టి ఈ ఊళ్లో మీ మాట అందరికీ అర్థమవుతుంది. కానీ ఇంగ్లీషు ‘వన్స్’కు ఆ మెత్తదనం లేదు, అది ఎన్నిసార్లో మాత్రమే చెబుతుంది. అక్కడ మర్యాదంతా ‘కుడ్ యూ’లో ఉంటుంది: “కుడ్ యూ కమ్ హియర్, ప్లీజ్?” ‘డూ వన్ థింగ్’ మన “ఒక పని చెయ్యి” నుంచి వచ్చింది. దాన్ని వదిలేసి నేరుగా ఆ పనే చెప్పండి, “ట్రై డ్రాయింగ్ ఇట్ ఫస్ట్” అని. ‘నౌ ఓన్లీ’ అంటే మన ‘ఇప్పుడే’ చివర ఉన్న ఏకారం. దానికి “ఐ జస్ట్ టోల్డ్ యూ” సరైన మాటే అయినా పిల్లలకు అది దెప్పినట్టు వినిపిస్తుంది, నేనైతే “లిజన్, ఐ విల్ సే ఇట్ ఎగైన్” అంటాను.

మీరు అడగని సంగతి ఒకటి, నాకు దీని మీదే పట్టింపు ఎక్కువ. “యూ డిడ్‌న్ట్ బ్రింగ్ యువర్ బుక్?” అని అడిగితే మన పిల్లవాడు “ఎస్ మేడమ్” అంటాడు, అంటే అవును, తేలేదు అని. ఇంగ్లీషులో అక్కడ “నో, ఐ డిడ్‌న్ట్” అనాలి. వాడు నిజమే చెప్పాడు, కానీ టీచరుకు అది పుస్తకం తెచ్చినట్టు వినిపిస్తుంది, ఆ గజిబిజిలో పాపం వాడు అబద్ధాలకోరు అయిపోతాడు. అందుకని ప్రశ్నలో ‘నాట్’ లేకుండా “హ్యావ్ యూ గాట్ యువర్ బుక్?” అని అడగండి.

గోల చేస్తుంటే “వై యూ ఆర్ టాకింగ్” అనేస్తాం, తెలుగు వరసలో. ‘వై ఆర్ యూ’ అనాలి. అసలు ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబేం ఉంటుంది? “ఐస్ ఆన్ ద బోర్డ్, ప్లీజ్” అంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది. నోట్సులు మార్చుకుని దిద్దుకోవాలంటే “స్వాప్ నోట్‌బుక్స్ విత్ యువర్ పార్ట్‌నర్”, ఇచ్చేయమనడానికి “హ్యాండ్ ఇన్ యువర్ నోట్‌బుక్స్”, గంట కొట్టే ముందు “హూ హ్యాజ్‌న్ట్ ఫినిష్డ్ యెట్?”.

లెక్కలకు మాత్రం ఒక్క మాట బంగారం: “హౌ డిడ్ యూ గెట్ దట్?” జవాబు తప్పయినప్పుడే కాదు, ఒప్పయినప్పుడు కూడా అడగండి, లేకపోతే ఆ ప్రశ్న వినగానే తప్పు చేశామని రబ్బరు తీసి చెరిపేస్తారు. ‘రాంగ్’ అనే బదులు “నాట్ క్వైట్, లుక్ ఎట్ దిస్ స్టెప్ ఎగైన్” అనండి. “టేక్ యువర్ టైమ్” అన్నాక నిజంగా ఆగాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు గమనిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. రెండో భాషలో ఆలోచించే పిల్లలకు ఆ మూడు సెకన్లు ఇంకా అవసరం.

ఇంగ్లీషు మాట అడ్డం పడితే ఇంటి భాష వాడడానికి వెనకాడకండి. రిమైండర్ అంటే తెలియని పిల్లలకు ‘శేషం’ అనండి, కన్నడంలోనూ శేషే, హిందీలో శేష్‌ఫల్, తమిళ పిల్లలకు ‘మీది’. ఎవరైనా ఆక్షేపిస్తే, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోందని మర్యాదగా గుర్తుచేయండి.

ప్రశ్న: మారతహళ్లిలో ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను. “ఎనీ డౌట్స్?” అనకూడదట, నిజమేనా?
– ఒక ట్యూషన్ మాస్టారు

జవాబు: మన దేశంలో అందరికీ అర్థమవుతుంది మాస్టారూ. బయటి దేశాల్లో ‘డౌట్’ అంటే నమ్మకం లేకపోవడం, అందుకే “ఎనీ క్వశ్చన్స్?” మేలు. కానీ దేనికైనా పిల్లలు “నో సార్” అనే అంటారు. “విచ్ స్టెప్ షుడ్ ఐ ఎక్స్‌ప్లెయిన్ ఎగైన్?” అని అడిగి చూడండి, ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. “డిడ్ యూ అండర్‌స్టుడ్” అని మాత్రం అనకండి, ‘డిడ్’ వచ్చాక ‘అండర్‌స్టాండ్’ చాలు.