టార్షన్ కోర్సుకి 45 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. యూట్యూబ్‌లో టార్షన్ ఫీల్డ్స్ వీడియోలు చూసి అందులోనే రీసెర్చ్ చేస్తానంటోంది, ఇంజనీరింగ్ వద్దంటోంది. విజయవాడలో ఒకచోట ఆరు నెలల ‘టార్షన్ ఫీల్డ్ సైన్స్’ సర్టిఫికెట్ కోర్సుకి 45 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ఆ డబ్బు కట్టకండి. అమ్మాయిని మాత్రం ఆపకండి. టార్షన్ అన్న ఒక్క పేరు మీద మూడు సంగతులు చలామణీ అవుతున్నాయి, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకటి డిగ్రీ ల్యాబ్‌లో ఉండేది. తీగకి డిస్కు వేలాడదీసి, కాస్త మెలితిప్పి వదిలి, ఊగే కాలం కొలిచి రిజిడిటీ మాడ్యులస్ (మెలితిప్పితే తీగ లోహం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) లెక్కకట్టడం. దానికీ మీ అమ్మాయి అడిగేదానికీ పేరు వరకే చుట్టరికం. రెండోది స్థలకాలం జ్యామితికే మెలి ఉండవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఎలీ కార్టాన్ 1922లో ప్రతిపాదించినది, అచ్చమైన సైన్స్. మూడోది 1980లలో సోవియట్ యూనియన్‌లో అకిమోవ్, షిపోవ్ ప్రచారంలో పెట్టిన ‘టార్షన్ క్షేత్రాలు’. కాంతి కంటే వేగంగా పోతాయని, శక్తి లేకుండానే సమాచారం మోస్తాయని చెప్పారు. తోటి భౌతిక శాస్త్రవేత్తలు నిలదీశాక 1991లో వాళ్ల పరిశోధన కేంద్రం మూతపడింది. రోగాలు నయం చేసే పెట్టెలు, నీళ్లకి ‘శక్తి’ ఎక్కించే బిళ్లలు ఈ మూడో కొమ్మకి కాసిన కాయలే.

రెండోదానికీ మూడోదానికీ తేడా ఎక్కడుందో అమ్మాయికి తెలియాలి. గురుత్వాకర్షణ అంటే స్థలకాలం వంపు అని చెప్పే ఐన్‌స్టీన్ 1915 సిద్ధాంతంలో టార్షన్ సున్నా. కార్టాన్ ఆ షరతు తీసేశాడు. దాంతో నాలుగు కొలతల స్థలకాలంలో అదనంగా 24 రాశులు వచ్చి చేరతాయి. 1960ల మొదట్లో భౌతిక శాస్త్రవేత్తలు కిబుల్, షియామా దీనికి మూలం కణాల స్పిన్ (ఎలక్ట్రాన్ లాంటి కణాలకి స్వతహాగా ఉండే భ్రమణ లక్షణం) అని చూపించారు. అయితే ఆ సిద్ధాంతంలో టార్షన్ స్పిన్ ఉన్న పదార్థం లోపలే ఉంటుంది, శూన్యంలోకి అలలా ప్రయాణించదు. మామూలు వస్తువుల్లో స్పిన్‌లు అటూ ఇటూ తిరిగి దాదాపు కొట్టేసుకుంటాయి. ఎలక్ట్రాన్ల విషయంలో దాని ప్రభావం లెక్కలోకి రావాలంటే ఘన సెంటీమీటరుకి ఒకటి పక్కన 47 సున్నాలు పెట్టినన్ని గ్రాముల సాంద్రత కావాలి. పరమాణు కేంద్రకంలోనే అది రెండు పక్కన 14 సున్నాలు. ఇక బల్ల మీద పెట్టి టార్షన్ పుట్టిస్తామనే ‘జనరేటర్’ మాట మీరే ఆలోచించుకోండి. టార్షన్ ప్రయాణించే సిద్ధాంతాలు వేరే లేకపోలేదు, కానీ ఇంతవరకూ ఏ ప్రయోగమూ దాన్ని పట్టుకోలేదు.

అమ్మాయిది నిజమైన ఆసక్తా, వీడియోల మోజా తేల్చుకోవడానికి ఒక లెక్క ఇవ్వండి. పదో తరగతి త్రికోణమితి చాలు. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకోమనండి. ఒకరు 100 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లి, తర్వాత 100 కిలోమీటర్లు తూర్పుకి తిరిగారు. ఇంకొకరు ముందు తూర్పుకి, తర్వాత ఉత్తరానికి. ఇద్దరూ చేరేది 17.4 డిగ్రీల అక్షాంశానికే, కానీ ఒకే చోటుకి కాదు. పైకి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి రెండో మనిషి తూర్పు దూరం 100 × కాస్ 17.4 ÷ కాస్ 16.5, అంటే 99.52 కిలోమీటర్లకి తగ్గుతుంది. మధ్యలో ఎడం సుమారు 480 మీటర్లు. అదే 10 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఎడం 4.7 మీటర్లే. భుజం పదో వంతయితే ఎడం నూరో వంతయింది. నాలుగు భుజాలు మూసుకోకుండా వైశాల్యాన్ని బట్టి మిగిలే ఈ ఎడమే టార్షన్. ఇక్కడ భూమి మెలితిరగలేదు, ‘సమాంతరం అంటే దిక్కు మారకపోవడం’ అని మనం పెట్టుకున్న నియమంలో టార్షన్ ఉంది. నియమం మారిస్తే అది పోయి వక్రత వస్తుంది. ఇది విని కాగితం తీసుకుని కూర్చుందా, దారిలో పెట్టవచ్చు. బోర్ కొట్టి వీడియో పెట్టుకుందా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఉండనే ఉంది.

ఇక దారి. టార్షన్ పేరుతో డిగ్రీ ఎక్కడా ఉండదు. కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐజర్‌లో (IISER) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ అన్నిటికంటే సూటి మార్గం. మనకి తిరుపతిలోనే ఉంది. ప్రవేశం ఐజర్లు పెట్టే ఐఏటీ (IAT) పరీక్ష ద్వారా. 60 ప్రశ్నలు, మూడు గంటలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. నాలుగు సబ్జెక్టుల్లో తలా 15 ప్రశ్నలు, అందులో బయాలజీ కూడా. ఎంపీసీ పిల్లలు తడబడేది ఇక్కడే. బయాలజీ వదిలేస్తే 240లో 60 పోయినట్టే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచి జన్యుశాస్త్రం, కణం పాఠాలు చదివినా నాలుగైదు ప్రశ్నలు చేతికొస్తాయి. కార్పొరేట్ కాలేజీల్లో ఈ పరీక్ష ఊసెత్తేవాళ్లు తక్కువ, ఇంటర్ పరీక్షల హడావిడిలో దరఖాస్తు గడువు జారిపోతుంది. తేదీలు మీరే చూసుకోండి. అలాంటిదే మరో సైన్స్ సంస్థ, భువనేశ్వర్ నైసర్‌కి (NISER), దాని ప్రవేశ పరీక్ష నెస్ట్ (NEST) కూడా రాయించండి.

అవి రాకపోతే విజయవాడలోనో గుంటూరులోనో డిగ్రీ చేసి, ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ (JAM) రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. మేజర్ ఫిజిక్స్, మైనర్ మ్యాథ్స్ తీసుకోవాలి. ఉద్యోగానికి పనికొస్తుందని మైనర్ కంప్యూటర్స్ పెట్టుకున్నవాళ్లు ఎమ్మెస్సీలో టెన్సర్ల (వంపు, టార్షన్ లాంటివి రాసే గణిత రాశుల) దగ్గర కూలబడతారు. పైథాన్ ఇంట్లో నేర్చుకోవచ్చు, లీనియర్ ఆల్జీబ్రా ఒంటరిగా నేర్చుకోవడం కష్టం.

ఖర్చు సంగతి: ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండి బేసిక్ సైన్స్ చదివితే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకి ఇచ్చే ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు). ముప్పై దాటాక గానీ స్థిరమైన ఉద్యోగం ఉండదు, థియరీలో పోస్టులు కొన్నే. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

అందుకే పీహెచ్‌డీ అంశంగా టార్షన్ ఒక్కదాన్నే పట్టుకోవద్దంటాను. న్యూట్రాన్ నక్షత్రాలు, కాస్మాలజీ, గురుత్వ తరంగాల డేటా వీటిలో ఏదైనా ప్రధానంగా ఉంచుకుని టార్షన్‌ని ఒక అధ్యాయం చేసుకోవచ్చు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను పట్టే కేంద్రం లైగో-ఇండియాకి 2023లో కేంద్ర కేబినెట్ అనుమతి వచ్చింది, డేటా చూసేవాళ్ల అవసరం పడుతుంది. అకడమిక్స్ వదిలేయాల్సి వచ్చినా ఆ నైపుణ్యం బయట అమ్ముడవుతుంది.

ఒకవేళ అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే రసీదు చేతిలో పెట్టుకుని రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఆ సర్టిఫికెట్ మాత్రం ఏ పీహెచ్‌డీ ఇంటర్వ్యూ బయోడేటాలోనూ పెట్టనివ్వకండి. ప్యానెల్ మొదటి ప్రశ్న దాని మీదే వేస్తుంది.