తిరుగు, తిప్పు: తేడా, పుట్టుక

చక్రం దానంతట అది తిరుగుతుంటే ‘చక్రం తిప్పుతోంది’ అని రాయొచ్చా, ‘తిప్పు’కు పాత రూపమైన ‘త్రిప్పు’లో ర ఒత్తు ఉంది కాబట్టి అది సంస్కృతమేనా అని అడిగారు. రెండింటికీ జవాబు కాదనే.

తనంతట తాను కదిలేదానికి ‘తిరుగు’, ఇంకొకటి కదిలిస్తే ‘తిప్పు’. చక్రం తిరుగుతోంది, నీరు చక్రాన్ని తిప్పుతోంది. కర్త లేకుండా వచ్చే ‘కడుపులో తిప్పుతోంది’ నుడికారం, దాన్ని దిద్దకండి.

పుట్టుక అచ్చంగా ద్రావిడం. తమిళంలో తిరుగు, తిరుప్పు, కన్నడలో తిరుగు, తిరుపు ఉన్నాయి. పాత ‘తిరుప్పు’ లాంటి రూపమే కుదించుకుపోయి ‘త్రిప్పు’ అయింది. తర్వాత ఆ రకారమూ పోయింది, త్రాగు తాగు అయినట్టే. సంస్కృతం నుంచి వచ్చినవి భ్రమణం, పరిభ్రమణం.

ఎక్కువమంది తడబడేది రూపాల దగ్గర. నడిమి అచ్చు తర్వాతి అచ్చును బట్టి మారుతుంది: తిరుగుతూ, తిరిగింది, తిరగలేదు. వాడుక భాషలో ‘తిరుగలేదు’ అని రాస్తే కృతకంగా ఉంటుంది. అడుగు, కరుగు కూడా ఇంతే.

ఇంకొకటి: ‘తిరుగు’ ఒక్కటే రాస్తే గుండ్రంగానా, ఊరికే సంచారమా తెలియదు. ‘తన చుట్టూ తాను’ అనో, వేగమైతే ‘గిరగిరా’ అనో చేర్చండి.